ఆకుల మీద జిడ్డు

బిలాస్‌పూర్‌లో లోకో షెడ్డుకి తూర్పు పక్కన తెలుగువాళ్ల క్వార్టర్లు ఒక వరసగా ఉండేవి. పన్నెండు ఇళ్లు, మధ్యలో ఒక కుళాయి. షెడ్డు వైపు మొదటి ఇల్లు పైడిరాజుది. విజయనగరం దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదో ఏట మేనమామ వెంట వచ్చి, రైల్వేలో ఆయిల్‌మన్‌గా చేరాడు.

బండి వచ్చి ఆగగానే ఆయిల్‌మన్ చక్రాల వెంట నడుస్తాడు. ఒక్కో చక్రం దగ్గర ఇరుసు డబ్బా మూత తీసి, నూనె చూసి, తడిసిన నూలు పీచును ఇనుప పుల్లతో లోపలికి కూరి, మూత వేస్తాడు. నూనె అందని ఇరుసు దారిలో వేడెక్కుతుంది. లోపలి పీచు మాడుతుంది. ఆ మాడు వాసన పట్టుకోవడమే ఆయిల్‌మన్ పనితనం. పట్టుకోకపోతే ఇరుసు విరిగి బండి పడిపోవచ్చు.

పైడిరాజుకి వాసన తెలియదు.

మొదటి ప్రపంచయుద్ధం ఆగిన ఏడాది వచ్చిన పెద్ద జ్వరంలో అతను ఇరవై రోజులు పడుకున్నాడు. లేచాక కాళ్లకి బలం వచ్చింది. గొంతు వచ్చింది. వాసన మాత్రం రాలేదు. భార్య అప్పయమ్మకి ఒక్కదానికే చెప్పాడు. ఇంకెవరికీ చెప్పొద్దని ఆమె అంది. చెబితే డాక్టరు అన్‌ఫిట్ అని రాస్తాడు. డ్యూటీ పోతే క్వార్టరు పోతుంది. పల్లెలో వాళ్లకి ఆనుకోవడానికి గోడ కూడా మిగల్లేదు.

అప్పటినుంచి అతను ప్రతి డబ్బాకీ చెయ్యి తిప్పి, వెనక వైపు ఆనించి వేడి చూసేవాడు. మిగతావాళ్లు వాసన వచ్చినచోటే వంగేవారు. అతను అన్నిచోట్లా వంగేవాడు. ఒక బండికి రెండింతల సేపు పట్టేది. పైవాళ్లు దాన్ని శ్రద్ధ అనుకున్నారు. పద్దెనిమిదేళ్లలో ఒక్క ఇరుసూ అతని చెయ్యి తప్పించుకు పోలేదు. రెండు చేతుల వెనకా చర్మం నల్లబడి, మందమై, వేరే ఎవరిదో తెచ్చి కప్పినట్టు ఉండేది.

ఇంట్లో అప్పయమ్మ చెప్పేది. పాలు విరిగాయని, పప్పు అడుగంటిందని, చొక్కా ఇక విప్పమని. తొలకరి పడిన రోజు గుమ్మంలో నిలబడి మట్టి వాసన వస్తోందని చెప్పేది. అతను తలూపేవాడు. పిల్లలు లేరు. రెండేళ్ల కిందట ఆమె మూడు రోజుల విరేచనాలతో పోయింది. ఆ తరవాత ఆ ఇంట్లోకి మనుషులు రావడం తగ్గి, ఆగిపోయింది. అతను తెల్లవారకముందే లేచి ఒక్కపూట వండుకుని, రెండు పూటలకి సర్దుకుని డ్యూటీకి వెళ్లేవాడు. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలిసేది. అంతకుమించి తెలిసేది కాదు.

పందొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం చలికాలంలో, మార్గశిరం నడుస్తుండగా, వరసలో ఏదో వాసన మొదలైంది.

పొద్దున్నే వచ్చేది. మంచుతో కలిసి ఇళ్ల మీద కూర్చునేది. బొగ్గు వాసన అక్కడివాళ్లకి పుట్టినప్పటినుంచీ తెలుసు. ఇది బొగ్గు కాదు. గొంతులో గీసుకునేది. ఎండ వచ్చాక చూస్తే చిక్కుడు ఆకుల మీద గోధుమరంగు జిడ్డు ఉండేది. ఆరేసిన పంచెల మీద చుక్కలు పడేవి. ఎంత ఉతికినా పోయేవి కావు.

కుళాయి దగ్గర రోజూ అదే మాట. షెడ్డులో హాజరు రాసే శంకరరావు, కొత్త గనినుంచి వేరే రకం బొగ్గు దిగుతోందని, గాలే చెడిపోయిందని, అందరూ సంతకాలు పెడితే ఫోర్‌మన్‌కి ఇంగ్లీషులో అర్జీ రాస్తానని అన్నాడు. ముసలివాళ్లు అమ్మవారు వచ్చే ముందు ఇలాగే ఉంటుందన్నారు. రెండో ఇంటి అచ్చియమ్మ రెండూ నమ్మలేదు. ఆమె భర్త గోవిందరావు గూడ్స్ బండి వెనక బ్రేక్‌వాన్‌లో పనిచేస్తాడు.

"గాలి సెడిపోతే శంకర్రావు బావు ముక్కుకే ముందు తెలుస్తాదేటి?" అంది ఆమె. "షెడ్డు నలభయ్యేళ్లనుంచి ఉన్నాది. ఇన్నాళ్లూ లేని కంపు ఇప్పుడేల?"

ఒక మధ్యాహ్నం ఆమె చిక్కుడు ఆకు ఒకటీ, గోవిందరావు పంచె ఒకటీ పట్టుకుని పైడిరాజు గుమ్మం బయట నిలబడింది. రెండేళ్లలో ఆ తలుపు కొట్టినవాళ్లు లేరు. అతను కంగారుగా చొక్కా తొడుక్కుని వచ్చాడు. లోపలికి రమ్మన్నాడు. ఆమె రాలేదు.

"నూనెలో బతికినోడివి మావా. ఇదేటి నూనో సెప్పు."

అతను ఆకు తీసుకుని జిడ్డును బొటనవేలితో రుద్దాడు. ఇరుసు నూనె వేళ్ల మధ్య జారుతుంది. ఇది అంటుకుంది. వేళ్లు విడదీస్తే సన్నగా సాగింది.

తెలియదనీ, ఇరుసు నూనె మాత్రం కాదనీ చెప్పాడు. ఆమె ఆకు అతని చేతిలోనే వదిలి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక అతను పెరట్లోకి నడిచాడు. వంటగది కిటికీ జాలీ మీద వేలు పెట్టాడు. వేలు అంటుకుంది. చూరు కింద పెట్టాడు. అక్కడ ఇంకా దట్టంగా ఉంది.

పట్టాల కింద పాడైపోయిన కర్ర దిమ్మలను, అంటే స్లీపర్లను, రైల్వేవాళ్లు వంటకి తెచ్చుకోవడం వాడుక. ఎప్పుడూ మద్ది కర్రే వచ్చేది. గొడ్డలికి లొంగేది కాదు. ఈసారి అతనికి దొరికిన దుంగలు వేరు. తేలికగా ఉన్నాయి. సులువుగా చీలాయి. అగ్గిపుల్ల చూపగానే అంటుకునేవి. ముసలితనానికి మంచి కర్ర దొరికిందని అతను సంతోషించాడు. ఇప్పుడు ఒక ముక్క ఎత్తి వెలుగులో తిప్పి చూశాడు. అంచులు నల్లగా ఉన్నాయి. పుచ్చకుండా తారు నూనె పట్టించిన కర్ర అది. ముక్కు ఉన్నవాడు మొదటి రోజే పొయ్యిలోంచి లాగి పారేసేవాడు.

అతను గోనెపట్టా తెచ్చి దుంగల మీద కప్పాడు.

ఆ సాయంత్రం మగవాళ్లు కుళాయి దగ్గర కూడారు. అర్జీ పెడితే ఫోర్‌మన్ ముందు మీ ఇళ్లు చూసుకోండంటాడని గోవిందరావు అన్నాడు. ఇళ్లు అనగానే అందరి చూపూ చివరి ఇంటి వైపు వెళ్లింది. అది సింహాచలం క్వార్టరు. వెనక గదిలో అతని అన్న భార్య చిన్నమ్మి ఉంటుంది. అన్న పట్టాల గ్యాంగులో పనిచేస్తూ పోయాడు. ఆమె విశాఖపట్నం బండిలో వచ్చే ఎండుచేపలు తీసుకుని, పెరట్లో మళ్లీ ఎండబెట్టి, ఊరి శివారు తోర్వా దాకా తిరిగి అమ్ముకుంటుంది.

కంపు ఆ చేపలదేనని ఒకరన్నారు. జిడ్డు కూడా వాటిదేనని ఇంకొకరన్నారు. చిన్నమ్మి నడుం మీద బిందెతో అక్కడే నిలబడి ఉంది.

"నా సేపలకి రెక్కలొచ్చి మీ సిక్కుడు పాదుల మీద వాలినాయా?" అంది.

కొందరు నవ్వారు. సింహాచలం నవ్వలేదు. చివరికి శంకరరావు తీర్పులాంటిది చెప్పాడు. చిన్నమ్మి మూడు రోజులు చేపలు ఊరి బయట పెట్టాలి. వాసన ఆగిందా, చేపలదే. ఆగలేదా, అర్జీ రాస్తాడు.

పైడిరాజు గుంపు చివర నిలబడి విన్నాడు. ఆ పొయ్యి తనదని చెబితే, మరి నీకు వాసన రాలేదా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్నకి అతని దగ్గర జవాబు ఒకటే ఉంది. అతను ఇంటికి వెళ్లిపోయాడు.

మూడు రోజులూ అతను పొయ్యి వెలిగించలేదు. అటుకులు నానబెట్టుకుని తిన్నాడు. వాసన ఆగిపోతే, నింద చేపల మీద పడినా నాలుగు రోజుల్లో అందరూ మరిచిపోతారనుకున్నాడు. అర్జీ ఉండదు. మాట ఉండదు.

నాలుగో రోజు పొద్దున మంచు మామూలు మంచులాగే ఉంది. వరసంతా బయటికి వచ్చి గాలి పీల్చుకున్నారు. చూశారా అన్నాడు శంకరరావు. అచ్చియమ్మ కూడా ఒప్పుకుంది.

ఆ తరవాత జరిగేది పైడిరాజు ఊహించలేదు.

భార్య పోరు పడలేకో, పదకొండు ఇళ్ల మాట కాదనలేకో సింహాచలం వదినని ఊరికి వెళ్లిపొమ్మన్నాడు. చేపలు మానేస్తే ఆమె తిండి అతని మీద పడుతుంది. మానకపోతే వరస ఊరుకోదు. ఊళ్లో ఆమెకి ఎవరూ లేరని అతనికి తెలుసు. సాయంత్రం బండికి ఆమె మూట కట్టుకుని కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పక్కకి చూస్తున్నారు.

పైడిరాజు డ్యూటీనుంచి వస్తూ ఆ మూట చూసి ఆగాడు.

"సేపలు కావు," అన్నాడు. "నా పొయ్యి. తారు పట్టిన సిలీపర్లు కాల్సినాను. మూడు రోజులుగా నాను కాల్సలేదు. అందుకే ఆగింది."

గోవిందరావు అప్పుడే భోజనం డబ్బాతో డ్యూటీకి బయలుదేరుతున్నాడు. అచ్చియమ్మ అడిగింది.

"మరి నీకు కంపు కొట్టలేదా మావా?"

"నాకు కొట్టదు. పద్దెనిమిదేళ్లయింది."

గోవిందరావు డబ్బా కింద పెట్టాడు.

"ఇరుసు మాడితే?"

"సెయ్యి పెట్టి సూస్తాను. అన్నింటికీ."

"అచ్ఛా," అన్నాడు గోవిందరావు. "ఆ బండి ఎనక ఉండేది నానే మావా."

చిన్నమ్మి కాళ్లు తుడుచుకుని మూట ఎత్తుకుంది. స్టేషను వైపు కాకుండా ఇంటివైపు తిరిగింది. అతన్ని దాటుతూ, "నాలుగు రోజులు ముందు సెప్పుంటే ఈ మూట కట్టేదాన్ని కాను బావూ," అంది.

ఈ సంగతి వరస దాటి పోకూడదని శంకరరావు అందరికీ చెప్పాడు. పోలేదు. తారు దుంగలు నలుగురు పట్టి వరసకి దూరంగా పూడ్చారు. అచ్చియమ్మ తన మద్ది చెక్కలు కొన్ని అతని గుమ్మంలో పెట్టి వెళ్లింది. వారం రోజులు అతని ముక్కు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఎనిమిదో రోజు రాయగఢ్ గూడ్స్ ఆగింది. పైడిరాజు చక్రాల వెంట నడుస్తూ ఒక్కో డబ్బాకీ చెయ్యి ఆనిస్తూ వెళ్లాడు. సగం దూరం వెళ్లాక వెనక్కి చూశాడు. గోవిందరావు నాలుగు వ్యాగన్ల వెనక వస్తున్నాడు. ప్రతి డబ్బా దగ్గరా వంగి వాసన చూస్తున్నాడు.

ఇద్దరి చూపులూ కలిశాయి. గోవిందరావు తల దించుకున్నాడు. కానీ తరవాతి డబ్బా దగ్గర మళ్లీ వంగాడు.

పైడిరాజు చివరి చక్రం దాకా పని పూర్తి చేశాడు. మర్నాడు ఎవరూ పిలవకుండానే రైల్వే డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు రెండు సీసాలు అతని ముక్కు కింద పెట్టి, మూడోది పెట్టకుండానే కాగితం రాశాడు. సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చా లేదు కాబట్టి పనిలోంచి తీసెయ్యలేదు. తోర్వా అవతల, పొలాల మధ్య గేటు కాపలాకి మార్చారు. గేటు పక్కనే ఒక గది ఉంది. కనుచూపు మేరలో వేరే ఇల్లు లేదు.

సామాను రెండు పెట్టెలకి మించలేదు. అచ్చియమ్మ గుమ్మందాకా వచ్చి, ఆదివారాలు రమ్మని చెప్పింది. వస్తానన్నాడు. ఆదివారాలు గేటుకి సెలవు లేదని ఇద్దరికీ తెలుసు.

మొదటి రోజు మధ్యాహ్నం దూరంగా కూత వినిపించగానే అతను గేటు వేశాడు. పచ్చ జెండా పట్టుకుని నిలబడ్డాడు. గూడ్స్ బండి చాలాసేపు నడిచింది. చివర బ్రేక్‌వాన్ మెట్టు మీద ఎవరో చెయ్యి ఎత్తారు. గోవిందరావో, వేరే మనిషో, దుమ్ములో తెలియలేదు. అతనూ చెయ్యి ఎత్తాడు.

బండి చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉండి గేటు తీశాడు. రోడ్డు మీద రెండు వైపులా ఎవరూ లేరు.