మామ పీకని పన్ను

గాంధీపురంలో ఆ పళ్ళ డాక్టరు గదిలోకి అడుగుపెట్టగానే స్ట్రాబెర్రీ వాసన వచ్చింది. అది మా మనవరాలు నిలా ముక్కుకు తగిలించబోయే చిన్న రబ్బరు తొడుగు వాసన. దాని గొట్టంలోంచి నవ్వు గ్యాసు వస్తుందట, పీలిస్తే భయం పోయి ఒళ్ళు తేలిపోతుందట. పొద్దున్నించి నా కొంగు వదలకుండా ఏడ్చిన ఆరేళ్ళ పిల్ల పది ఊపిర్లు తీసి కిలకిలా నవ్వింది. చిగుళ్ళలో మత్తు సూది గుచ్చినా, పుచ్చిన పన్ను ఊడి పళ్ళెంలో పడినా ఆ నవ్వు ఆగలేదు. నేను సంతోషించాలి. కానీ నిజం చెప్తాను, నాకు కడుపు మండిపోయింది. అరవైకి దగ్గరపడిన దాన్ని, మూడు నెలలుగా దవడ పన్ను సలుపుతున్నా ఆ కుర్చీ అంటే భయపడి, ఒకవైపే నములుతూ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దాచుకుంటున్నదాన్ని, ఆరేళ్ళ పిల్లను చూసి కుళ్ళుకున్నాను.

ఈ కుళ్ళు ఈనాటిది కాదు. చుట్టూ తమిళం, మధ్యలో తెలుగు మాట్లాడే రైతుల ఇళ్ళు, కనుచూపు మేర నల్లరేగడి, అదీ మా ఊరు. పత్తి ఏరే రోజుల్లో మా ఇంటి ముందరి గదిలో నడుమెత్తున పత్తి పోసి ఉండేది. నేనూ, నాకంటే రెండేళ్ళు చిన్నవాడైన తమ్ముడు రామసామీ అందులో దూకి, జుట్టు నిండా గింజలు, ముక్కు నిండా నూగుతో తుమ్ముకుంటూ, అమ్మ సద్ద సంగటికి గుంట చేసి చారు పోస్తే తినడానికి లేచి వచ్చేవాళ్ళం. ఆ రోజుల్లోనూ మళ్ళీ దీపావళికీ అమ్మ తమ్ముడు పళనిమామ బోడినాయకనూరు నుంచి దిగేవాడు. ఏలకుల మండీలో కాయలు జల్లించి రకాలు వేరుచేసే పని ఆయనది, ఎన్ని ఉతుకులు ఉతికినా చొక్కాకు ఏలకుల వాసన పోయేది కాదు.

మా వాళ్ళలో పిల్లలకు చెవులు కుట్టేది మేనమామ ఒడిలోనే. మా ఇంట్లో పాలపళ్ళు కూడా ఆ ఒడిలోనే ఊడాలని ఒక వాడుక పడిపోయింది. మామ తమ్ముణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుని, కదిలే పంటికి నూలు కట్టి, రెండో కొస తన బొటనవేలికి చుట్టి, కొండెక్కే జీపు కథ మొదలుపెట్టేవాడు. ఎనిమిది మంది పట్టే జీపులో పద్దెనిమిది మంది, పైన ఏలకుల మూటలు, ముసలమ్మ చంకలో కోడి. మలుపు మలుపుకూ మామ ఒళ్ళంతా ఒరిగేది, ఇంజను దగ్గేది, కోడి ఎగిరి డ్రైవరు నెత్తిన కూర్చునేది.

"నిలపండి సామీ, కోడికి కళ్ళు తిరగతా ఉండాదంట," అని ముసలమ్మ గొంతుతో అనేసరికి తమ్ముడు నోరంతా తెరిచి నవ్వేవాడు. అంతే, బొటనవేలు కదిలేది, పన్ను నూలుకు వేలాడేది. వాడికి తెలిసేలోపు నాలుక మీద తాటిబెల్లం ముక్క ఉండేది. ఆ పన్నును పేడలో చుట్టి పెంకుల మీదికి విసిరే మర్యాద కూడా వాడిదే. నావి మామ లేనప్పుడు, మురుకు కొరికినప్పుడో నిద్రలోనో, ఎవరూ చూడకుండా ఊడిపోయేవి. గడప దగ్గర నిలబడి వాడి నవ్వు చూస్తుంటే నాకు వాణ్ణి ఆ ఒడిలోంచి ఈడ్చెయ్యాలనిపించేది.

నా తొమ్మిదో ఏట, దీపావళి ఇంకా రెండు నెలలుందనగా, నా పై పన్ను ఒకటి కదిలింది. ఈసారి ఆ ఒడి నాదే అనుకున్నాను. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు, మురుకులూ వేరుశనగలూ ముట్టలేదు, సంగటిని నీళ్ళలో కలిపి తాగాను, పరుగుల ఆటలు మానేశాను. పండగకు మామ రాలేదు, మండీలో సెలవు దొరకలేదని కబురొచ్చింది. సరే, పత్తికి వస్తాడు కదా అని ఇంకా దాచాను. ఈలోగా కొత్త పన్ను వెనకనుంచి అడ్డంగా మొలిచింది, రెండింటి మధ్య చిగురు వాచి చీము పట్టింది. అవ్వ నా గడ్డం పైకెత్తి, నోరు తెరిపించి చూసింది.

"మామ కోసరమా పిల్లా, ఇన్నినాళ్ళు వాయి మూసుకోని ఉండావు?" అంది.

బస్సులో మదురై తీసుకుపోయారు. అక్కడొక ఆసుపత్రిలో నాన్న కాళ్ళు పట్టుకున్నాడు, అవ్వ చేతులు పట్టుకుంది, ఎవరో తల అదిమిపెట్టారు. ఎవరూ ఏ కథా చెప్పలేదు. పన్నును బుట్టలో పడేశారు. ఇంటికొచ్చి, ఏమీ ఎరగని తమ్ముణ్ణి నెత్తురొచ్చేలా గిచ్చాను. ఆ తర్వాత మళ్ళీ ఏ పళ్ళ డాక్టరు కుర్చీ ఎక్కలేదు.

నిలా కుర్చీ దిగి, మళ్ళీ ఎప్పుడొస్తాం పాట్టీ అని తమిళంలో అడిగింది. చెంప మీదున్న నా చెయ్యి చూసి, పెద్దవాళ్ళకూ ఈ గ్యాసు ఇస్తామంది డాక్టరమ్మ. పిల్లకున్న ధైర్యం నాకు లేదా అన్న రోషంతో మరుసటి వారం ఆ కుర్చీ ఎక్కాను. భయం నిజంగానే పోయింది, కాళ్ళూ చేతులూ తేలికయ్యాయి, పన్ను ఎప్పుడు ఊడి వచ్చిందో తెలియలేదు. నవ్వు మాత్రం రాలేదు.

బయట బెంచీ మీద కూర్చుని, నోట్లో దూదితోనే తమ్ముడికి ఫోను చేశాను. మామ పోయి చాలా ఏళ్ళయింది. ఇళ్ళలో పత్తి పోసుకునేవాళ్ళు లేరు, మా చేలో గాలిమర తిరుగుతోంది, నిలాకు మా తెలుగులో పది మాటలు కూడా రావు. ఇక ఈ కుళ్ళు దించేసుకుందామని, నీ పళ్ళు మామ ఎలా పీకేవాడో గుర్తుందా అని అడిగాను.

"మామ పీకినాడా అక్కా? తానే ఊడిపోయినాయని కదా నేను అనుకోని ఉండా," అన్నాడు.

జీపు, మలుపులు, కోడి, ముసలమ్మ గొంతు, ఒక్కటీ వాడి దగ్గర లేదు. వాడు ఒడిలో కూర్చుని నవ్వాడంతే. మామను చూసింది గడప దగ్గర నిలబడ్డ నేను. ఎట్లా పీకినాడో చెప్పక్కా, చెప్పు అని వాడు బతిమాలుతున్నాడు. వాడికి ఒక్క ముక్క కూడా ఇవ్వబుద్ధి కాలేదు. నెత్తురు కారుతోందని చెప్పి ఫోను పెట్టేశాను.