రోగినే అడిగిన డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయిందని వాళ్ల పెద్దబ్బాయి ఫోన్ చేసినప్పుడు నేను కామారెడ్డిలో ఓపీ చూస్తున్నాను. మిగిలిన వాళ్లను తోటి డాక్టరుకు అప్పజెప్పి ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఇల్లు చేరేసరికి జనాజా లేవదీసే ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఆడవాళ్లు కూర్చున్న గదిలో అడుగుపెట్టగానే వినపడిన మాట ఇది: "ఎంత అదృష్టమో సూడు, ఆఖరుదాక ఆమెకు తెల్వనే తెల్వదు. నిమ్మళంగ పోయింది."

ఒకరు అని ఊరుకున్నారా అంటే అదీ లేదు. వచ్చిన ప్రతి మనిషికీ అదే చెప్పారు, అదేదో ఘనకార్యం అన్నట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. చావింట్లో ఏం పోట్లాడతాం? కడుపులో క్యాన్సర్ పెట్టుకుని, అదేమిటో తెలియకుండా పోవడానికి ఆమె ఎవరనుకున్నారు? రోగిని అడగకుండా, రోగికి చెప్పకుండా ఏదీ చెయ్యకూడదని రెండు దేశాల్లో తగాదాలు పెట్టుకున్న మనిషి.

ఆమె హైదరాబాద్‌లో డాక్టరు చదివి, పెళ్లయ్యాక సౌదీ వెళ్లి, కాన్పుల వైద్యంలో పై శిక్షణ అక్కడే పొంది, చాలా ఏళ్లు అక్కడే పనిచేసింది. నొప్పి ఎక్కడమ్మా అని ఆడమనిషిని అడిగితే పక్కనున్న భర్త జవాబు చెప్పేవాడట. "నెల తప్పి ఎన్ని దినాలైందో గూడ ఆయనే చెప్తడు. నేనేమో వచ్చీరాని అరబ్బీల, అయ్యా, కడుపు ఆమెది, ఆమెను చెప్పనీ అంటుంటి" అని మాకు చెప్పి నవ్వేది. ఒకాయన పైవాళ్లకు ఫిర్యాదు చేస్తే, వాళ్లు ఈమెనే పిలిచి మందలించారు.

ఇక చాలనుకుని సొంతూరు ఎల్లారెడ్డికి వచ్చి దవాఖాన పెట్టింది. ఇక్కడైతే మన భాష, మన మనుషులు కదా అనుకుంది. మొదటి రోజే మహమ్మద్‌నగర్ నుంచి ఒక కోడలు వచ్చిందట. ఏది అడిగినా అత్తే చెప్పింది. "ఆడ మొగడు, గీడ అత్త. గింత దూరం విమానమెక్కి వచ్చింది గిందుకేనా అనిపించింది బేటీ" అనేది.

అప్పటినుంచి ఆమె గదిలో రోగికి తప్ప ఇంకొకరికి కుర్చీ వెయ్యలేదు. తోడొచ్చినవాళ్లు జవాబు అందుకోబోతే "నువ్వు జర చాయ్ తాగి రాపో" అని పంపేది. కదలకపోతే రాయడం ఆపి, పెన్ను మూసి, చేతులు కట్టుకుని కూర్చునేది. జనానికి కోపాలొచ్చాయి. సౌదీ పొగరు అన్నారు. కొందరు వేరే దవాఖానలు చూసుకున్నారు. ఆమె మాత్రం మారలేదు.

నేను కిర్గిజ్‌స్తాన్‌లో చదివి వచ్చినదాన్ని. ఇక్కడి అర్హత పరీక్ష తప్పీ తప్పీ ఎట్లాగో గట్టెక్కాను. పైసలు పెట్టి కొన్న చదువని మా ఊరు రామారెడ్డిలో మొహం మీదే అన్నవాళ్లున్నారు. ఈమె దగ్గరికి పని అడగబోతే మార్కుల సంగతి ఎత్తనే లేదు.

"ఆ దేశంల రోగులతోని ఎట్ల మాట్లాడేదానివి?"

"రష్యన్ సరిగ్గ రాకపోయేది మేడం. వాళ్లు ఏడ చెయ్యి పెట్టి చూపిస్తె ఆడ చూసేదాన్ని."

"ఐతె మంచి చదువే చదివినవు. రేపటి సంది రా."

నా చదువును మంచి చదువన్న మొదటి మనిషి ఆమె. ఆ ఒక్క మాటకు ఆమె దగ్గర ఎంత చాకిరీ అయినా చేసేదాన్ని, చేశాను కూడా. నేను ఇవ్వాళ రోగి కళ్లలోకి చూసి మాట్లాడుతున్నానంటే అది ఆమె నేర్పినదే.

అలాంటి మనిషికి పోయినేడు కడుపులో గడ్డ బయటపడింది. పరీక్షలు చేసిన హైదరాబాద్ డాక్టర్లు రిపోర్టులు కొడుకు చేతిలో పెట్టి, కొడుకుతోనే మాట్లాడారు. ఆయనకు కామారెడ్డిలో బట్టల షాపుంది. చెడ్డవాడేం కాదు, తల్లంటే ప్రాణం. అమ్మీకి తెలిస్తే తట్టుకోదని ఇంటిల్లిపాదితో ఒట్టు వేయించాడు. పేగుల్లో పుండు అని ఆమెకు చెప్పారు. కీమో మందు ఎక్కిస్తూ, బలానికి సెలైన్ అన్నారు. బతుకంతా జనానికి సెలైన్లు పెట్టిన మనిషికి సెలైన్ గురించి అబద్ధం చెప్పారు. నేను గొడవపడ్డాను. "నువ్వు డాక్టర్‌వి, బిడ్డవు కావు" అన్నాడాయన.

ఆ మందు కోసమే, ఇప్పుడు నేను పనిచేస్తున్న కామారెడ్డి దవాఖానలో ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం కొడుకు నమాజుకు వెళ్లాక ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు చెప్పు. ఏమొచ్చింది నాకు?"

"మీకు తెల్వదా మేడం?"

"అనుకునుడు వేరు, చెప్పించుకునుడు వేరు."

చెప్పాను. ఎక్కడ మొదలైందో, కాలేయం దాకా ఎలా పాకిందో, మందుతో ఎంత లాభం ఉండొచ్చో, అంతా. కళ్లు మూసుకుని విన్నది. "ఐతె ఈ మందు నాకొద్దు. ఇంటికి పోవాలె" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. భాయ్ రాగానే చెబుదామన్నాను.

"ఒద్దు. మందు ఒద్దంటె, నాకు తెలిసిందని వానికి తెలుస్తది. దాచనీకి పిలగాడు ఎన్ని తిప్పలు పడుతున్నడో చూస్తలేవా? నేనున్నన్ని దినాలు చెప్పకు."

ఆ రోజు ఆమె మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. ఊరందరి అత్తలనూ మొగుళ్లనూ బయటికి పంపిన మనిషి, తన వంతు వచ్చేసరికి కొడుకును పంపలేకపోయింది. వద్దనుకున్న మందునే మళ్లీ మళ్లీ ఎక్కించుకుంది. వాంతులు, నోరంతా పుండ్లు, మంచినీళ్లు కూడా దిగేవి కావు. ఎల్లారెడ్డి ఇంటికి తెచ్చేసరికి మనుషులను గుర్తుపట్టే స్థితి దాటిపోయింది.

మొన్న షాపుకు వెళ్లి కొడుకుకు అంతా చెప్పాను. "అమ్మీకి తెల్సా? మరి నేను మాట్లాడుతుంటె ఎందుకు ఊకున్నది?" అన్నాడు. నీ కోసమే అనడానికి నోరు రాలేదు. అమ్మీనే అడగాల్సింది కదా భాయ్ అన్నాను. ఇదంతా రాస్తానంటే, రాయమన్నాడు.

ఆఖరిసారి మందు ఎక్కించాక తెల్లవారిన పొద్దు నా కళ్లముందు నుంచి పోవడం లేదు. రాత్రంతా కొడుకు బెంచీ మీద నిద్రలో ఉంటే, ఆమె కడుపు పట్టుకుని కూర్చునే ఉంది. నేను పక్కనే ఉన్నాను. పొద్దున డాక్టరు వచ్చి మంచం కాళ్లవైపు నిలబడి, "ఎట్లుంది అమ్మకు?" అని కొడుకును అడిగాడు. "మంచిగుంది సార్. రాత్రి మంచిగ నిద్రపోయింది" అన్నాడు కొడుకు. ఆమె డాక్టరు వైపు చూసి నోరు తెరిచింది. తర్వాత కొడుకు మొహం చూసి, ఔనన్నట్టు తలూపింది.