బకెట్టెడు ఇసుకతో మద్రాసు ప్రయాణం

రిటైరయిన ఏడాది నేను ఆన్‌లైన్‌లో ఒక మెటల్ డిటెక్టర్ తెప్పించుకున్నాను. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని, ఇంట్లో వత్తులు చేసుకుంటూ కూర్చోవడం నా వల్ల కాలేదు. పొద్దున్నే మా ఊరు కోట నుంచి స్కూటీ మీద సముద్రం ఒడ్డుకు పోయి, దాన్ని ఇసుక మీద అటూ ఇటూ ఊపుతూ నడిచేదాన్ని. రెండేళ్లలో దొరికినవి సోడా మూతలు, గాలాలు, తెగిపోయిన వెండి పట్టీ ఒకటి. పొడి ఇసుకలో అది బాగానే పనిచేసేది. తడి ఇసుక మీదికి పోతే మాత్రం, కింద ఏమీ లేకపోయినా ఉప్పునీటికే కుయ్యోమని అరిచేది. జనం స్నానాలు చేసి ఉంగరాలు పోగొట్టుకునేదేమో ఆ తడి ఇసుకలోనే. ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్లు నాకు కూతల టీచరమ్మ అని పేరు పెట్టారు.

ఇంకా మంచి మిషన్ కొనాలనుకున్నాను. మా ఆయన వరి రైతు. తన చేలో దున్నించి చూశాకే ట్రాక్టర్ కొన్న మనిషి.

"ఫోన్‌లో బొమ్మ చూసి మళ్లా మోసపోబాక. మన ఇసక మింద పెట్టి చూడాల" అన్నారు.

మద్రాసులో ఒక దుకాణం ఉందని తెలిసింది. అక్కడికి మన ఇసుక రాదు కాబట్టి, మూతున్న ప్లాస్టిక్ బకెట్‌లో తడి ఇసుక, రెండు సీసాల్లో సముద్రపు నీళ్లు నింపుకుని బయల్దేరాం.

గూడూరులో బస్సెక్కగానే కండక్టర్ బకెట్ వంక చూశాడు.

"రొయ్య పిల్లలా అక్కా?"

"కాదు, ఇసుక."

అతను మూత ఎత్తి చూసి, నవ్వకుండా, "ఇసకకి పర్మిట్ ఉండాదా?" అన్నాడు. బస్సంతా మా వైపు తిరిగింది. మా ఆయన నేనెవరో తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. మద్రాసులో ఇల్లు కడతా ఉండారా అని వెనక సీట్లోని పెద్దావిడ ఆరా తీసింది. ఒక్క బకెట్టుతో ఏం కడతారమ్మా అని జాలి కూడా పడింది.

దుకాణం యజమాని అరవ యాసలో తెలుగు మాట్లాడే పెద్దమనిషి. పెద్ద స్క్రీనున్న మిషన్ తీసి, "బంగారమా ఇనుమా ఇదే చెప్పేస్తుంది మేడమ్" అన్నాడు. నేను బకెట్ చూపించాను. అతను మూత తీసి ఇసుకను వేలితో నొక్కి చూశాడు. తర్వాత, లోపలైతే నేలలోని ఇనప చువ్వలకే మిషన్ అరుస్తుందని, మమ్మల్ని పెరట్లోకి తీసుకుపోయి బకెట్‌ను ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టాడు. నేను సముద్రపు నీళ్లు పోశాను. ఇక పూడ్చడానికి ఏదైనా కావాలి. మా ఆయన చేతి వైపు చూశాను.

"నా ఉంగరమా?"

"మీ ఉంగరమే."

సబ్బు రాస్తే గానీ అది ఊడలేదు. యజమాని దాన్ని ఇసుకలోకి లోతుగా నొక్కి, పైగా పుల్లతో ఒకసారి కలియబెట్టాడు.

మొదటి మిషన్ బకెట్టంతా ఒకటే అరుపు. స్క్రీను మీద ఒకసారి బంగారం, ఒకసారి ఇనుము, ఒకసారి అల్యూమినియం. రెండోదాన్ని ఏవో బటన్లు నొక్కి నెమ్మదింపజేశాడు. అది ఎంత నెమ్మదించిందంటే ఉంగరం ఊసు కూడా ఎత్తలేదు. మా ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి బకెట్‌లోకి వంగారు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇంకోటి చూడాలి కదండీ."

"ముందు నా ఉంగరం ఉండాదో లేదో చూడనీ."

మూడోది స్క్రీను లేని మొరటు మిషన్, తిప్పడానికి రెండే నాబ్‌లు, మంచి బరువు. తడి ఇసుక మీద ఊపితే నోరెత్తలేదు. ఒక్కచోట మాత్రం పలికింది. అక్కడ వేలు పెడితే ఉంగరం తగిలింది.

"దీంట్లో ఒక లోపం ఉంది మేడమ్. బంగారమో ఇనప మేకో చెప్పదు. పలికిన చోటల్లా తవ్వాల్సిందే" అన్నాడు యజమాని.

"ఎవురు తవ్వాల?" అన్నారు మా ఆయన. మేమిద్దరం ఆయన వైపు చూశాం. అదే కొన్నాం.

మర్నాడు పొద్దున్నే పారతో ఆయన కూడా వచ్చారు. పది గుంతల్లో గాలాలు, ఒక పడవ బోల్టు. పదకొండో గుంతలో స్టీలు గ్లాసు తేలింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది. వలల దగ్గరివాళ్లు అది చదివి, గుడిసెల్లోంచి ఒకామెను పిలిచారు. ఆమె గ్లాసు చేతిలోకి తీసుకుని ఇసుకలో చతికిలబడింది.

"ఇది పోయి ఏడేళ్లయింది అక్కా. దీన్ని పుట్టింటికి చేరేసినానని మా అత్త ఇప్పటికీ సాధిస్తానే ఉండాది. నువ్వొచ్చి సాక్ష్యం చెప్పు."

వెళ్లాం. గుమ్మంలో ఎండుచేపలు ఏరుతున్న అత్త గ్లాసు తిప్పి చూసింది. పేరు మీద గోరుతో గీకింది.

"గ్లాసు సరే" అంది. "దాంతోపాటు పోయిన చెంబు యాడ?"

కోడలు నా వైపు చూసింది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే పార భుజాన వేసుకుని స్కూటీ వైపు నడుస్తున్నారు.

అయినా ఆ వారమంతా చెంబు కోసమే తవ్వాం. దొరకలేదు. ఇనప మూకుడు ఒకటి దొరికితే తీసుకుపోయి ముసలామెకు చూపించాను. ఆమె దాన్ని వెనకా ముందూ తిప్పి, "ఇది మాది కాదు" అంది. "సరే, ఉండనీ" అని లోపల పెట్టుకుంది.