చివరి మడికి నీళ్లు, ఊరందరికీ ఓళిగలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. అందుకే ఊటకాలువ గురించి బడిలో మీటింగ్ పెట్టినప్పుడు నన్ను కావాలనే ముందు వరసలో కూర్చోబెట్టారు.

మాది కడప జిల్లాలో పాపాఘ్ని ఒడ్డు. ఏరు ఎండినట్టే కనబడుతుంది గానీ ఇసుక కింద నీళ్లుంటాయి. ఇసుకలో పొడుగ్గా కాలువ తవ్వితే ఊట చేరి, మోటారు అక్కర్లేకుండానే పొలాలకు పారుతుంది. ఏటా ఇంటికొకరు పార పట్టుకుని దాని పూడిక తీసేవాళ్లట. తరవాత ఇసుక ట్రాక్టర్లు వచ్చాయి, గట్టున బోర్లు పడ్డాయి, ఊట అడుగంటింది. కాలువకు చిట్టచివరి మడి మాది. నేను కాపురానికి వచ్చాక అందులో కాలువ నీళ్లు చూడనే లేదు. ఈ ఏడాది చూసి అమ్మేద్దామని ఇంట్లో అనుకున్నాం.

కాలువ దగ్గర ఇసుక తీయకూడదు, ఎండాకాలం వరి పెట్టకూడదు, బోర్లు వంతుల ప్రకారమే ఆడించాలి, మళ్లీ ఇంటికొక పార రావాలి. ఇవీ మీటింగ్‌లో పెట్టిన షరతులు. అందరూ తలలూపారు. నాకు ఒళ్లు మండింది.

"మాటలు శానా బాగుండాయి. మొదట్లో ఉండే మీరు వదిల్తే కదా మాకొచ్చేది. నా మడికి నీళ్లొచ్చిన రోజు ఊరందరికీ నా చేత్తో ఓళిగలు పెడతా" అన్నాను. ఓళిగలంటే శనగపప్పు, బెల్లం పూర్ణం పెట్టి చేసే బొబ్బట్లే.

కాలువ మొదట్లో పొలమున్న పెద్దాయన నాకు వరసకు మామ. "నెయ్యి వేస్తావా కోడలా?" అన్నాడు.

"గిన్నెతో పోస్తా మామా."

ఇక చూడాలి. పూడిక తీసే చోట నేను కనబడితే చాలు, "బెల్లం తెచ్చినావా?" అని మొదలుపెట్టేవాళ్లు. ఎవరైనా వంతు తప్పి బోరు ఆడిస్తే, "మా ఓళిగలు చెడగొడతాండావు కదప్పా" అంటూ పక్క రైతులే పోయి ఆపించేవాళ్లు. మామ తన వరిమడిలో కొర్ర చల్లి, దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చూపించుకున్నాడు. ఆ నవ్వుల్లో నేను కోప్పడటం కూడా మరిచిపోయాను.

పూడిక తీయడం అయిపోయింది. కొన్నాళ్లకు ఒక పొద్దున పొలాల వైపు నుంచి "వస్తాండాయి" అని కేక వినబడింది. చెప్పులు వేసుకోకుండా పరిగెత్తాను. నీళ్లు ఎండుటాకులను తోసుకుంటూ నింపాదిగా వచ్చి, మా గట్టు దగ్గర కాస్త ఆగి, మడిలోకి దిగాయి. నెర్రెల్లోంచి బుడగలు లేచాయి. సంతోషం పట్టలేక అందరి ముందే ఏడ్చేశాను.

నీళ్ల వెంబడే నడిచొచ్చిన మామ గట్టు మీద చతికిలబడ్డాడు.

"ఇంగ నీళ్లొచ్చె కదా కోడలా. శనగబ్యాడలు ఎప్పుడు నానేస్తావు?"

"పూడిక తీసినప్పట్నుంచి రోజూ నానేస్తానే ఉండా మామా. సాయంత్రానికి నీళ్లు రాకుంటే వాటితోనే వడలు చేస్తాండా. మా ఇంట్లో అందరికీ వడలంటే మొగం మొత్తింది."