వియ్యంకుడు గారి బండికి కొత్త చక్రాలు

ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం మా ఆయన. పాతికేళ్లుగా మాకు టైర్ల షాపు ఉంది. ఆయన్ని అందరూ అనుమానం మేస్త్రి అంటారు. ముందు చాటుగా అనేవారు. ఇప్పుడు ఫోన్ చేసి మరీ "అనుమానం మేస్త్రి గారి షాపేనా అండీ?" అని అడుగుతున్నారు. నేను అవునంటాను. అబద్ధమాడి ఏం లాభం?

కొత్త టైరు పక్కభాగం మీద నాలుగంకెలుంటాయి. ఏ వారంలో, ఏ ఏడాదిలో తయారైందో అవి చెబుతాయి. వాటిని అందరూ చూస్తారు. ఈయన చూసి ఊరుకోరు, ఎవరైనా అరగదీసి మళ్లీ చెక్కారేమోనని గోరుతో గీకుతారు. ఆ తర్వాత టైరుని వాసన చూస్తారు. గాలి మిషన్ మీటరు మీద నమ్మకం లేక జేబులో ఇంకో మీటరు, దాని మీదా నమ్మకం లేక సొరుగులో మూడోది. షట్టరు దించి తాళం వేశాక మూడుసార్లు లాగి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్లీ లాగుతారు. నా పని వీల్ బ్యాలెన్సింగ్. ఇన్నేళ్లలో చక్రం అదరకుండా నేను అతికించిన బరువు బిళ్లల మీద ఆయన వేలు పెట్టి చూడకుండా ఒక్క చక్రమూ బయటికి పోలేదు. పెళ్లయిన కొత్తలో దానికి ఏడ్చేదాన్ని. తర్వాత నవ్వడం అలవాటు చేసుకున్నాను.

నవ్వలేని సంగతి ఒకటుంది. మా అమ్మాయి పశువుల డాక్టరు. రెండేళ్ల కిందట, దాని పెళ్లికి ముందు, దూరంగా ఒక పాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఈయన మాతో చెప్పకుండా వెళ్లి ఆ చోటు చూసొచ్చారు. ఉండమన్న గదికి తలుపు గడియ వదులుగా ఉందట. అక్కడి మేనేజరు కళ్లలోకి చూసి మాట్లాడలేదట. అంతే, నేను రాలేనని అమ్మాయి రాసినట్టుగా దాని పేరుతో ఉత్తరం పంపేశారు. మాకు నెల తర్వాత తెలిసింది. అది అయిదు నెలలు తండ్రితో మాట్లాడలేదు.

అందుకే ఈసారి కొండ మీది పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే మా ఇంట్లో నాకొక్కదానికే చెప్పింది. "చేరిన రోజు సాయంత్రం నాన్నకి నేనే చెప్తానమ్మా. అప్పటిదాకా నువ్వు నోరు విప్పకు," అంది. సరేనన్నాను. మొగుడి దగ్గర దాచినందుకు నాకు బాధ లేదు. ఆయన ముఖం చూసి అన్నం వడ్డించడమే కష్టమైంది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం వియ్యంకుడు గారు తన బండి తీసుకొచ్చారు. ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. బండి మరీ పెద్దదీ చిన్నదీ కాని ఎస్‌యూవీ. చూడ్డానికి గంభీరంగా ఉంటుంది గానీ ఇంటి నుంచి లైబ్రరీకి, లైబ్రరీ నుంచి ఇంటికి తప్ప ఎరగదు. అలాంటి బండిలో సీట్లు మడిచి నాలుగు నల్లటి అలాయ్ చక్రాలు, రాళ్లలోనూ బురదలోనూ నడిచే నాలుగు ముతక గళ్ల టైర్లు వేసుకొచ్చారు. అన్నీ బయట కొన్నవే. టైర్ల షాపున్న వియ్యంకుణ్ణి పెట్టుకుని బయట కొన్నారు!

ఎందుకు కొన్నారో నాకు తెలుసు. మా షాపులో అడిగితే ఎందుకు, ఎక్కడికి, ఎవరితో అని మొదలవుతుంది. కొండ దారి చివరి భాగమంతా రాళ్లు. అమ్మాయికి ఆ దారి అలవాటయ్యేదాకా పక్కన కూర్చుని తోడు వెళ్తానని ఆయనే మాటిచ్చారు. కోడలి కోసం అంత ఖర్చు పెట్టిన మనిషి, పాపం, దొంగసరుకు తెచ్చినవాడిలా మా గుమ్మంలో నిలబడ్డారు.

"ఎక్కడ కొన్నా, బిగించడం మాత్రం మీ చేత్తోనే జరగాలి బావగారూ. ఇంకొకరిని నమ్మలేను," అన్నారు.

కొత్త టైర్లెందుకని మా ఆయన అడిగారు. ఈ మధ్య కొండల వైపు తిరగాలని సరదా పుట్టిందని మాస్టారు చెప్పారు. ఆ మనిషికి అబద్ధం అలవాటు లేదు. చెప్పి కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. మా ఆయన నన్ను మిషన్ వెనక్కి పిలిచి, గుసగుసగా మూడు కారణాలు చెప్పారు. మనకి తెలియకుండా కొండ మీద స్థలమైనా కొని ఉండాలి. లేదా బండికి సోకులు చేసి అమ్మేస్తూ ఉండాలి. రెండూ కాకపోతే అడవి కలప మోస్తూ ఉండాలి. లెక్కల మాస్టారు అరవై రెండేళ్ల వయసులో దుంగలెత్తడం ఊహించుకుని నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే భయం కూడా వేసింది, ఈయన అలా తవ్వుకుంటూ పోతే అసలు సంగతి దగ్గరికి రాకపోరని.

ఇక కోడిగుడ్డుకి ఈకలు పీకే పని మొదలైంది. టైర్ల అంకెలు గీకారు. కొత్తవే. వాసన చూశారు. బాగుంది. చక్రాన్ని నా మిషన్ మీద పెట్టించి వంకర కోసం కన్ను ఆనించి చూశారు. లేదు. మధ్య రంధ్రం ఇరుసు చివరి హబ్బుకి సరిగ్గా సరిపోయింది. ఒక్కో పరీక్షకీ ఆయన మొహం చిన్నబోతూ వచ్చింది. వియ్యంకుడు తాను లేకుండా మంచి సరుకు కొనుక్కోగలిగాడన్నది ఆయనకి మింగుడుపడలేదు. చివరికి చక్రాలతో ఇచ్చిన నట్ల సంచి విప్పారు. ఇరవై నల్లటి నట్లు. వాటి మీద ఏ కంపెనీ గుర్తూ లేదు.

"దొరికింది," అన్నారు పైకే.

ఈ చక్రాలకి ఇవే వాడాలని కొట్టువాడు గట్టిగా చెప్పాడని మాస్టారు నెమ్మదిగా అన్నారు.

"అమ్మేవాడు అమ్ముకోడానికి ఏదైనా అంటాడు బావగారూ. ఊరూ పేరూ లేని ఇనుమిది. బండితో వచ్చిన కంపెనీ నట్లుండగా మనకివెందుకు?" అని సంచిని బల్ల మీదికి విసిరేశారు. అప్పుడు గానీ ఆయన మొహంలోకి వెలుగు రాలేదు.

ఆ తర్వాత పని ఎప్పటిలాగే శ్రద్ధగా చేశారు. పాత నట్లతోనే కొత్త చక్రాలు ఎక్కించి, చాలినంత బిగువు రాగానే టక్కుమనే పానాతో ఒక్కోదాన్నీ రెండుసార్లు బిగించారు. స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పించి, లావు టైరు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్కుకి రాసుకుంటోందేమోనని సందులో వేళ్లు పెట్టి చూశారు. ఒక మూల రాసుకుంటే ఆ ముక్క కత్తితో కోసి తీశారు. బండి రెండంగుళాలు ఎత్తుగా, కొత్త బూట్లేసుకున్న మాస్టారులా బయటికి వెళ్లింది. మర్నాడు సాయంత్రం తెస్తే నట్లు మళ్లీ చూస్తానని చెప్పి పంపారు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి, ఉద్యోగంలో చేరడానికి బయల్దేరుతున్నామని అమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది. మేం షాపు తెరిచాం. ఈయనకి ఆ నట్ల సంచి చూసిన కొద్దీ ముచ్చటగా ఉంది. పక్కనే ఉన్న లేతు మిషన్ మేస్త్రికి చూపించి, మాస్టారు ఎలా మోసపోయాడో చెప్పాలని పట్టుకెళ్లారు. టీ తాగుతూ నేనూ వెళ్లాను. లేతు మేస్త్రి నట్టుని వెలుతురులో తిప్పి చూశాడు.

"ఇనుము బాగానే ఉందే. మూతి గరాటులా కోసుగా ఉంది. చక్రం రంధ్రాలు కూడా ఇలాగే ఉన్నాయా?" అని అడిగాడు.

మా ఆయన నట్టు లాక్కుని మూతి మీద వేలు పెట్టి చూశారు. ఆ బండితో వచ్చిన నట్ల మూతి బంతిలా గుండ్రంగా ఉంటుంది. కొత్త చక్రాల రంధ్రాలేమో గరాటుల్లాంటివి. గరాటులో బంతి పెడితే అంచు మీద ఒక్క గీత మేర ఆనుతుంది. పానా టక్కుమంటుంది, చూసేవాళ్లకి బిగిసినట్టే ఉంటుంది. గతుకుల్లో పడితే వదులైపోతుంది. ఇది ఆయనకి తెలియక కాదు. తోటి మేస్త్రీలకి ఎన్నిసార్లు పాఠం చెప్పారో నేనే విన్నాను. నిన్న ఆయన కన్ను మాస్టారి మొహం మీద ఉంది, రంధ్రం మీద లేదు.

"బావగారికి ఫోన్ చెయ్యి," అన్నారు. చేశాను. ఎత్తలేదు. అమ్మాయి ఫోన్ అందుబాటులో లేదంటోంది. కొండ మొదలయ్యాక సిగ్నల్ ఉండదని అదే చెప్పింది నాకు. బండి ఏ దారిన వెళ్లిందో నాకు తెలుసనీ, చూపిస్తాననీ అన్నాను. నీకెలా తెలుసని ఆయన అడగలేదు. నట్ల సంచి, పానా నా ఒళ్లో పడేసి స్కూటరు తీశారు. షట్టరు తెరిచే ఉంది, తాళం బల్ల మీదే ఉంది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఊరు దాటాక ఆయన చెవి దగ్గర అరిచి అంతా చెప్పాను. ఉద్యోగం సంగతి, రాళ్ల దారి సంగతి, టైర్లు ఎవరి కోసమన్న సంగతి. స్టీరింగు మన అమ్మాయి చేతిలోనే ఉందని కూడా చెప్పాను. తిడతారనుకున్నాను. స్కూటరు ఇంకా వేగంగా పోనిచ్చారు.

కొండ ఎక్కే దారిలో మూడో మలుపు దగ్గర బండి పక్కకి ఆగి ఉంది. మాస్టారు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు. అమ్మాయి నిలబడి ఉంది. అది నిలబడి ఉందని చూశాకే నాకు ఊపిరాడింది. టకటకమని చప్పుడొచ్చి స్టీరింగు అదిరితే వెంటనే ఆపేసిందట. అయిదు నట్లలో రెండు వేళ్లతోనే తిరిగిపోతున్నాయి. అవతల లోయ.

మమ్మల్ని చూసి మాస్టారు లేచారు. మేమెందుకు వచ్చామన్న ప్రశ్నే ఆయనకి తట్టినట్టు లేదు.

"మీరు నిన్ననే అన్నారు బావగారూ, బయట సరుకుని నమ్మొద్దని. చక్రాలు మంచివి కావు. నా తెలివితక్కువతనంతో అమ్మాయి ప్రాణం మీదికి తెచ్చాను," అన్నారు. కళ్లలో నీళ్లున్నాయి.

మా ఆయన నిలబడిపోయారు. ఒక్కసారి తలూపితే చాలు, తప్పు చక్రాల మీదికి పోతుంది. బండి షాపుకి చేర్చి చాటుగా నట్లు మార్చేయొచ్చు, ఎవరికీ తెలియదు. ఆ మాట నా మనసులోకే వచ్చింది, ఆయన మనసులోకి రాకుండా ఉంటుందా? నేనూ నోరు మెదపలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"చక్రాలు మంచివే బావగారూ," అన్నారు చివరికి. "మీరు తెచ్చిన నట్లూ మంచివే. మిమ్మల్ని తప్పుపట్టాలన్న పట్టుదలలో నేనే వేరేవి బిగించాను."

మాస్టారికి వెంటనే అర్థం కాలేదు. అయ్యాక, పొరపాటు ఎవరికైనా జరుగుతుందని అన్నారు. ఆ మంచితనం మా ఆయన్ని ఇంకా వంచేసింది. జాకీ ఎత్తి ఒక్కో చక్రానికీ నట్లు మార్చడం మొదలుపెట్టారు. అమ్మాయి పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. నాలుగో చక్రం దగ్గర అడిగింది.

"నేనెక్కడికి వెళ్తున్నానో నీకు తెలుసా నాన్నా?"

"తెలుసమ్మా. మీ అమ్మ చెప్పింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే, వచ్చే దారిలో."

"దారిలోనేనా? నిన్న తెలియదా?"

తనని ఆపడానికే ఆయన కావాలని ఆ నట్లు బిగించారా అని అది అడుగుతోందని నాకు అప్పుడు తెలిసింది. ఆయనకి ఇంకాసేపు పట్టింది. ఆఖరి నట్టు బిగించి పానా కింద పెట్టారు. నిన్న తెలియదన్నారు, ఒట్టన్నారు, ఆ ఉత్తరం విషయంలో తప్పు చేశాను గానీ దీంట్లో చెయ్యలేదన్నారు. అమ్మాయి అరవలేదు, ఏడవలేదు. కళ్లు చిన్నవి చేసి ఆయన మొహం వంకే చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నిజమేనా అమ్మా?"

"నిజమే. నేను దారిలోనే చెప్పాను," అన్నాను.

అప్పుడు తలూపి, ఉద్యోగానికి టైమైపోతోందని బండెక్కింది. మాస్టారు మా ఇద్దరికీ చెయ్యి ఊపి పక్కన కూర్చున్నారు. బండి మలుపు తిరిగేదాకా మా ఆయన రోడ్డు పక్కనే కూర్చుని చూశారు.

"నువ్వు లేకపోతే నా మాట నమ్మేది కాదు కదా," అన్నారు.

కాదు, నమ్మేదేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.