పక్కింటి దోమలు

అలవ్వ ఊరి ఆరోగ్యాధికారి ఆఫీసులో గమ్లత్ బల్ల నా బల్లకు ఎదురుగా ఉంటుంది. నేను ఇంటింటికీ తిరిగి గర్భిణులనూ పసిపిల్లలనూ చూసే మిడ్‌వైఫ్‌ని. అతను ఆరోగ్య ఇన్‌స్పెక్టరు. వంటగదిలో బొద్దింక కనిపిస్తే కేసు రాస్తాడు, పెరట్లో దోమ పిల్ల కనిపిస్తే కేసు రాస్తాడు. నలభయ్యో ఏట ప్రజారోగ్యంలో ఎం.ఎస్సీ.కి చేరాడు. శని, ఆదివారాలు కొలంబోలో క్లాసులు. అది రెండేళ్ళ చదువు. అతనికి నాలుగో ఏడు నడుస్తోంది.

ఉద్యోగం, చదువు ఒకే సంచిలో తిరిగేవి. ఒకసారి షావుకారు పియతిస్స ముదలాలి బేకరీ తనిఖీకి వెళ్ళి, టీ వచ్చేలోగా స్టాటిస్టిక్స్ పుస్తకం తెరిచాడు. ఆ శనివారం పరీక్ష. సూత్రాలు బట్టీ పడుతూ, పైకి చూసినప్పుడల్లా అతని చూపు పొయ్యి మీద పడిందట. మూడు రోజుల్లో ముదలాలి బేకరీ అంతా సున్నం వేయించి, పాత ట్రేలు పారేసి కొత్తవి కొన్నాడు.

"కొత్త చట్టం చాలా లావుగా ఉంది మిస్," అన్నాడు నాతో. "అందులో నా పొయ్యి గురించే ఎన్ని పేజీలున్నాయో."

బేకరీ బాగుపడింది. పరీక్ష పోయింది.

రెండోసారి రాసి గట్టెక్కాక పరిశోధన ఒక్కటే మిగిలింది. డెంగీ దోమ పెరిగే నిలవ నీటిని జనం వారానికోసారి పారబోస్తున్నారా లేదా అన్నది విషయం. చీటీలు తీసి వంద ఇళ్ళు ఎంచాడు. ఫారం మీద పేరుండదు, నంబరే ఉంటుంది. ఆ ఇళ్ళలో నీళ్ళు దొరికినా అక్కడికక్కడ పారబోయించడమే గాని కేసు పెట్టేది లేదని మా పెద్ద డాక్టరు సంతకం చేసి ఇచ్చాడు. గమ్లత్ నెల రోజులు తిరిగి వందా నింపి కొలంబో తీసుకెళ్ళాడు. సోమవారం ఆ కట్టతోనే తిరిగొచ్చాడు.

"ప్రొఫెసరమ్మ తీసుకోలేదక్కా. 'వందకు వంద ఇళ్ళూ శుభ్రమేనా గమ్లత్? మరి కిందటి నెల మీ ఊళ్ళో పంతొమ్మిది మందికి డెంగీ వచ్చిందే. ఆ దోమలు రైలు దిగి వచ్చాయా?' అంది. నెలాఖరులోగా నిజమైన లెక్క ఇవ్వకపోతే నా పేరు కొట్టేస్తారు. ఇక గడువు పెంచరట."

"నువ్వు వీధి మొదట్లో బండి ఆపేసరికే చివరింటి దాకా కబురు పోతుంది తమ్ముడూ. వాళ్ళు బకెట్లు బోర్లించాక నువ్వెళ్ళి నీళ్ళున్నాయా అని అడుగుతావు."

మర్నాడు యూనిఫాం మానేసి, లుంగీలాంటి సరోంగ్ కట్టుకుని బస్సులో వెళ్ళాడు. జనం ఇంకా భయపడ్డారు. ఇన్‌స్పెక్టరు సరోంగ్‌లో వచ్చాడంటే పెద్ద కేసే పట్టబోతున్నాడనుకుని, ఒకావిడ పెంచుకునే రంగు చేపలను అన్నం గిన్నెలోకి మార్చి తొట్టి పారబోసింది.

నెలాఖరు పది రోజుల్లోకి వచ్చింది. మిసిలిన్ ఆచ్చి మనవరాలి బిడ్డను తూచడానికి నేను వెళ్తుంటే, ఆ ఇల్లూ వందలో ఉందని గమ్లత్ వెంట వచ్చాడు. ఆచ్చికి ఎనభై దాటాయి. ఆ వీధికంతా అవ్వ ఆమే.

"ఆచ్చీ, మీ ఇంట్లో నీళ్ళు నిలిచే చోట్లు ఏమైనా ఉన్నాయా?"

"నా ఇంట్లోనా? తిన్న పళ్ళెం కూడా బోర్లిస్తాను నాయనా. నన్ను కోర్టుకు ఎక్కించాలని ఉందా?"

"కోర్టు లేదు ఆచ్చీ. నా చదువు కోసం అడుగుతున్నాను."

"ఈ వయసులో చదువేంటి? మీ ఆవిడ ఏమీ అనదా?"

గమ్లత్ 'లేదు' అని రాసుకుని లేవబోయాడు. ఆచ్చి గొంతు తగ్గించింది.

"అడిగితే పక్కింటి సంగతి అడగాలి. సుమనావతి బాత్రూం వెనక పగిలిన సింకు పడుంది. మొన్నటి వానకు నిండింది. నువ్వొస్తున్నావంటే దాని మీద గోనె కప్పుతుంది. నేను చెప్పానని అనకు."

పక్కింటికి వెళ్ళి గోనె ఎత్తాం. నీళ్ళలో పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. సుమనావతి సిగ్గుపడలేదు.

"ఇది సింకేగా మహత్తయా. ఆచ్చి ఇంటి చూరు గొట్టం చూశారా? అందులో మొక్క మొలిచి పువ్వు కూడా పూసింది."

వీధిలోకి వచ్చి గమ్లత్ అక్కడే గోడకానుకుని ప్రొఫెసరుకు ఫోన్ చేశాడు. ఎంచిన ఇంటి సంగతి ఆ ఇంటివాళ్ళను కాకుండా పక్కింటివాళ్ళను అడగొచ్చా అన్నాడు.

"అడగండి. కానీ మీ కళ్ళతో చూసిందే రాయండి," అందట ఆమె.

అప్పటిదాకా ఇంటికి రెండు నిమిషాలు పట్టే పనికి ముప్పావు గంట పట్టడం మొదలైంది. కుర్చీ వేసేవారు, టీ, బెల్లం ముక్క ఇచ్చేవారు. ఒకాయన పక్కింటి పెరడు పటం గీసి, కొబ్బరి చిప్పలున్న చోట్ల చుక్కలు పెట్టి ఇచ్చాడు. చీటీల్లో రాని వాళ్ళు ఇద్దరు ఆఫీసుకే వచ్చి, మా పక్కింటిని ఎందుకు వదిలేశారని నిలదీశారు. తొంభై తొమ్మిది ఇళ్ళు పూర్తయ్యేసరికి నలభై ఒక్క ఇళ్ళలో నీళ్ళు దొరికాయి.

మిగిలింది యాభై ఏడో నంబరు. అది గమ్లత్ సొంత ఇల్లు. చీటీల్లో దాని నంబరూ వచ్చింది. మొదటిసారి అతను తన బల్ల దగ్గరే కూర్చుని 'నీరు లేదు' అని రాసుకున్నాడు.

"దాని బదులు ఇంకో చీటీ తియ్యరాదూ," అన్నాను.

"చీటీ మారిస్తే అది పరిశోధన కాదక్కా. నువ్వూ రా, సాక్ష్యం ఉండాలి."

పక్కింటి నందసేన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. గమ్లత్ అందరినీ అడిగినట్టే అతన్నీ అడిగాడు.

"నందసేన అన్నా, మీ పక్కింట్లో నీళ్ళు నిలిచే చోట్లున్నాయా?"

"మీ ఇంట్లోనా? నిజంగానే అడుగుతున్నావా?"

"నిజంగానే."

నందసేన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఫ్రిజ్ వెనక కింద ఒక ట్రే ఉంటుంది. ఇంటాయన ప్రతి శనివారం ఫ్రిజ్ జరిపి దాన్ని పారబోసేవాడు. నాలుగేళ్ళుగా శనివారం ఆయన ఇంట్లో ఉండడు. ఇంటావిడ ఇనోకా ఫ్రిజ్ జరపమని నన్ను రెండుసార్లు పిలిచింది. నా నడుము సంగతి నీకు తెలిసిందే. రాసుకో."

గమ్లత్ రాసుకున్నాడు. మేం వెళ్ళేసరికి అతని భార్య ఇనోకా కొబ్బరి తురుముతోంది.

"ఫ్రిజ్ జరపాలి," అన్నాడు.

"ఇప్పుడు గుర్తొచ్చిందా? దీనికి యూనివర్సిటీ వాళ్ళు చెప్పాలని తెలిస్తే నేనే వెళ్ళి చేరేదాన్ని."

ముగ్గురం పట్టి జరిపాం. గమ్లత్ నేల మీద బోర్లా పడుకుని ట్రేలోకి టార్చి వేశాడు. మురుగు పట్టిన ఆ కాసిని నీళ్ళు కదులుతూనే ఉన్నాయి. ఫారంలో పురుగుల సంఖ్యకు ఒక గడి ఉంది. అతను వేలితో గాల్లో పొడుస్తూ లెక్కపెట్టాడు.

"ఇరవై రెండు."

ఇనోకా చెయ్యి తుడుచుకుని వంగి చూసింది. "ఇరవై మూడు. ఆ మూల ఒకటుంది."

అతను కొట్టేసి ఇరవై మూడు వేశాడు. 'నీరు లేదు' అన్న చోట 'ఉంది' అని రాసి, పక్కన పొడి సంతకం పెట్టాడు. తరువాతే ట్రే పెరట్లోకి తీసుకెళ్ళి ఎండలో పారబోశాడు.

శనివారం రైలుకు కట్ట పట్టుకెళ్ళాడు. ప్రొఫెసరు ఒక్కో ఫారమే తిప్పుతూ యాభై ఏడు దగ్గర ఆగిందట.

"ఈ ఒక్కదాంట్లోనే దిద్దుబాటు ఉందేం?"

"మా ఇల్లు మేడం. మా ఆవిడ సరిచూసింది."

ఆమె ఆ ఫారం తీసి అన్నిటికంటే పైన పెట్టి, కట్ట అంచులు సమంగా తట్టి, అందినట్టు సంతకం చేసింది.