సిగ్నల్ దగ్గర ఆగే బండి

మొన్న మేనకోడలి కొత్త కారులో మా బావను, అంటే అక్క భర్తను, కాజీపేట నుంచి మట్టెవాడలోని మా ఇంటికి తీసుకొస్తున్నాను. హన్మకొండ చౌరస్తాలో ఎర్రలైటు పడగానే ఇంజను దానంతటదే ఆగిపోయింది. ఇప్పటి బండ్లు పెట్రోలు మిగల్చడానికి అలా ఆగుతాయి, బ్రేకు వదిలితే మళ్లీ లేస్తాయి. ఆ సంగతి బావకు దారిలోనే చెప్పాను. అయినా పక్క సీట్లో ఉన్న ఆయన కుడికాలు ఉలిక్కిపడి, ఏమీ లేని నేలను గట్టిగా నొక్కింది. నేను చూడనట్టు అద్దంలోకి చూశాను.

బావ రైల్వే మనిషి. బతుకంతా రైలింజన్లు బాగుచేసే లోకోషెడ్డులో గడిపినవాడు గనుక చిన్నకారు ఇంజనంటే ఆయనకు కాస్త చులకన. అక్కకు కిడ్నీలు పాడై, రోజు విడిచి రోజు హన్మకొండ దవాఖానకు డయాలసిస్‌కు పోవలసి వచ్చిన ఎండాకాలంలో, ఆయన తన పాత కారుకు ఏసీ పెట్టించాడు. మా ఎండలు తెలిసినవాళ్లెవరూ దాన్ని తప్పు పట్టరు. కానీ ఏసీ వేస్తే చాలు, ఆ ఇంజను ముసలి ఎద్దులా రొప్పేది. దాంతో ఎవరి మాటా వినకుండా పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బ్యురేటర్ పెద్దది తెచ్చి సొంతంగా బిగించాడు. బిగించే ముందు, ఇంట్లోకి ఏ కొత్త సామాను వచ్చినా చేసినట్టే, అక్క దానికి బొట్టు పెట్టి, తన ఆరోగ్యం కుదుటపడాలని మొక్కుకుని, అడుగున మెడలా ఉన్న చోట పసుపు దారం ముడేసింది. ఆ దారాన్ని అలాగే ఉంచి బావ దాన్ని బిగించాడు.

అప్పటి నుంచి బండికి పరుగొచ్చింది, నిలకడ పోయింది. రోడ్డు మీద బాగానే ఉరికేది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే మాత్రం ఐడ్లింగ్, అంటే నిలబడ్డ బండిలో ఇంజను నడక, ఒకసారి ఎగసి, ఒకసారి వణికి, గుటుక్కున చచ్చేది. సిగ్నల్ వస్తే బావ మడమ బ్రేకు మీద, వేళ్లు యాక్సిలరేటర్ మీద పెట్టి దాన్ని బతికించేవాడు. ఆ పెట్రోలు వాసనకు వెనక సీట్లో అక్కకు కడుపులో తిప్పేది. ఆటోలో పోదామంటే ఆ కుదుపులకు ఆమె నడుము ఓర్చుకునేది కాదు. బావ ప్లగ్గులు తుడిచాడు, ఐడ్లింగ్ స్క్రూ అటూ ఇటూ తిప్పాడు, చివరికి పెట్రోల్లో నీళ్లు కలిపాడని బంకువాణ్ణి కూడా తిట్టుకున్నాడు. నేను టార్చిలైటు పట్టుకుని నిలబడేవాణ్ణి. నాకు వచ్చిన విద్య అదొక్కటే. ఆ ఎండాకాలం అందరం అలసిపోయాం.

ఒక పొద్దున బండి వాకిట్లోనే ఆగిపోయింది. అక్క డోరు తీసుకుని దిగి, అరుగు మీద కూర్చుంది.

"ఇగ నాతోని గాదు. దాన్ని పరేషాన్ చెయ్యకు, నన్ను చెయ్యకు. ఆగినకాడికి ఆగనియ్యి" అంది.

ఆమె అంటున్నది బండి సంగతి కాదని మాకిద్దరికీ తెలుసు. నాకు భయమేసింది. బావ బానెట్ ఎత్తాడు. ఇంజను లేపి, నన్ను యాక్సిలరేటర్ పట్టుకోమని, గాలి ఎక్కడ లోపలికి పీలుస్తోందో చూద్దామని ఒక్కో అతుకు మీద నూనె చుక్క వేస్తూ పోయాడు. కార్బ్యురేటర్ అడుగున చుక్క పడగానే, నూనెకు సందు మూసుకుని ఇంజను ఒక్క క్షణం కుదురుకుంది. అక్కడ పసుపు దారం ముడి అతుకులోకి జారి, దాన్ని మూసి ఉంచే గ్యాస్కెట్ కింద నలిగి, గాలికి సందిస్తూ ఉంది. అది మేం చూడనిదేమీ కాదు. అక్క దేవుడికి మొక్కి కట్టిందని, తుడిచేటప్పుడు కూడా దాన్ని తప్పించే తుడిచాం.

తెలిశాక కూడా బావకు చెయ్యి రాలేదు. పానం బాగుండాలని కట్టుకుందాయె, ఎట్ల తెంపాలె అని నాతో గొణిగాడు. ఆ మాట వినబడింది కాబోలు, అక్క కొంగు దోపుకుని లేచి వచ్చింది.

"నేనే కట్టిన, నేనే తెంపుత. కత్తెర తే తమ్మీ."

బోల్టులు వదులు చేశాక తనే కత్తిరించి లాగింది. నూనె కారుతున్న ఆ దారాన్ని పారేయకుండా బావ మణికట్టుకు కట్టింది. మళ్లీ బిగించి లేపితే ఐడ్లింగ్ కుదురుగా నిలబడింది. ఆమె కాసేపు చెవి పెట్టి విని, "నడువుండ్రి, టైమైతాంది" అని ఎక్కి కూర్చుంది.

ఆ తర్వాత చాన్నాళ్లు దవాఖానకు వెళ్లింది. ఆమె పోయాక బావ మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు.

మొన్న పచ్చలైటు పడి ఇంజను లేచేదాకా ఆయన కాలు నేల మీంచి లేవలేదు. ఇన్నేళ్లు గడిచిపోయాయని నేననుకుంటున్నాను గానీ, ఆ కాలు ఇంకా అక్కను దవాఖానకు తీసుకుపోతూనే ఉంది.